కెమెరా బాడీ మార్చాలా? పెళ్ళిళ్ళు తీసేవారు కొనేముందు చేసుకోవాల్సిన లెక్క

కొత్త బాడీ (లెన్స్ తప్ప మిగతా కెమెరా) కొనాలా వద్దా అన్నది స్పెసిఫికేషన్ల పట్టిక చూసి తేలేది కాదు. మీ హార్డ్ డిస్క్‌లో పడి ఉన్న చెడిపోయిన ఫొటోలు చూస్తే తేలుతుంది. ఫొటో ఎందుకు పోయిందో తెలిస్తే తప్పు బాడీదా, లెన్సుదా, లైటుదా, చేతిదా అన్నది తెలుస్తుంది. బాడీదైతేనే బాడీ మార్చాలి. ఇక్కడ రాసిందంతా ముఖ్యంగా నికాన్ డి750, కెనాన్ 6డి మార్క్ 2, 5డి మార్క్ 3 లాంటి డీఎస్ఎల్ఆర్‌తో (లోపల అద్దం ఉన్న కెమెరాతో) పెళ్ళిళ్ళు తీస్తూ, అద్దం లేని మిర్రర్‌లెస్‌కి వెళ్దామా అని ఊగిసలాడుతున్న వారి కోసం. కెనాన్ 1500డి, నికాన్ డి5600 లాంటి చిన్న సెన్సర్ కెమెరాలతో సరదాగా తీసుకునేవారికి పనికొచ్చే ముక్కలూ మధ్యలో ఉన్నాయి.

ముందు పనికిరాని ఫొటోలు తిరగెయ్యండి

చివరి మూడు నాలుగు ఈవెంట్లలో ఆల్బమ్‌కి పనికిరావని పక్కన పెట్టినవి ఒక 300 తీయండి. ఒక్కోదాన్ని 100 శాతం జూమ్‌లో చూసి కుప్పలు పెట్టండి: మనిషి కదిలినవి, మీ చెయ్యి కదిలినవి, ఫోకస్ తప్పినవి, గ్రెయిన్ (గరుకుగా చుక్కలు) ఎక్కువైనవి, లైటు వల్ల చారలు పడ్డవి, రంగు చెడినవి, అసలు ఆ క్షణమే అందనివి. ప్రతి ఫొటోకీ షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సెకను భాగం), ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే స్థాయి), అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే వెడల్పు), ఏ లెన్స్ అన్నది ఫైల్‌లోనే ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో మెటాడేటా ఫిల్టర్ పెడితే ఈ లెక్క పది నిమిషాల పని.

కదలికకీ ఫోకస్ తప్పడానికీ తేడా చాలామంది సరిగ్గా పట్టుకోరు, అక్కడే తప్పు నిర్ణయం మొదలవుతుంది. పెళ్ళికూతురి ముఖం మసకగా ఉండి వెనక మండపం పూలు కత్తిరించినట్టు కనిపిస్తుంటే ఫోకస్ వెనక్కి పోయింది. మండపం, ముఖం రెండూ బాగుండి తలంబ్రాలు పోసే చేతులు మాత్రమే సాగినట్టుంటే అది మనిషి కదలిక. ఫ్రేమంతా ఒకే దిక్కుకి గీసినట్టు, ప్రతి అంచూ రెండుగా కనిపిస్తే చెయ్యి కదిలింది.

మనిషి కదిలిన ఫొటోలు ఎక్కువగా ఉంటే వాటి షట్టర్ స్పీడ్ చూడండి. 1/60, 1/80 కనిపిస్తే బాడీ నేరం ఏమీ లేదు. తలంబ్రాల దగ్గర చేతులు ఆగాలంటే కనీసం 1/250, గాల్లో బియ్యం గింజలు విడివిడిగా కనిపించాలంటే 1/500 కావాలి. కొత్త బాడీల్లో సెన్సర్ స్టెబిలైజేషన్ గురించి గొప్పగా చెబుతారు. అది మీ చెయ్యి కదలికను ఆపుతుంది, పెళ్ళికొడుకు చెయ్యిని ఆపలేదు. చెయ్యి కదిలిన కుప్ప పెద్దదైతే స్టెబిలైజేషన్ నిజంగా పనికొస్తుంది. అయితే పెళ్ళిలో నిలబడి ఉన్న మనిషికి కూడా 1/125 కంటే కిందకి దిగకూడదు కాబట్టి, ఆ లాభం ఫొటోల కంటే వీడియోలో, ఖాళీ మండపం డెకరేషన్ షాట్లలో ఎక్కువ.

ఫోకస్ కుప్ప పెద్దదైతే

తప్పు ఎప్పుడూ ఒకే వైపు ఉందా, ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ ఉందా చూడండి. ఒకే లెన్స్‌తో ఎప్పుడూ కంటికి బదులు చెవి దగ్గరే పదును కనిపిస్తుంటే అది క్యాలిబ్రేషన్ సమస్య, అంటే లెన్సుకీ బాడీకీ పొంతన కుదరలేదు. దానికి పైసా ఖర్చు లేకుండా పరీక్ష ఉంది. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, గోడకి అచ్చు బాగా కనిపించే న్యూస్‌పేపర్ అతికించండి. 85 ఎమ్.ఎమ్ లెన్స్ అయితే రెండున్నర నుంచి నాలుగు మీటర్ల దూరం చాలు. అపెర్చర్ పూర్తిగా తెరిచి, వ్యూఫైండర్‌తో ఫోకస్ చేసి అయిదు షాట్లు, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) ఫోకస్ చేసి అయిదు షాట్లు తీయండి. ప్రతి షాట్‌కీ ముందు ఫోకస్ రింగ్‌ని కొద్దిగా తిప్పేసి మళ్ళీ ఫోకస్ చేయనివ్వాలి, లేకపోతే పరీక్ష అబద్ధం చెబుతుంది. లైవ్ వ్యూ షాట్లు పదునుగా, వ్యూఫైండర్ షాట్లు మసకగా వస్తే మెనూలో ఉన్న సర్దుబాటు వాడండి. నికాన్‌లో దాని పేరు ఏఎఫ్ ఫైన్-ట్యూన్, కెనాన్‌లో ఏఎఫ్ మైక్రోఅడ్జస్ట్‌మెంట్. డి750, 6డి మార్క్ 2, 5డి మార్క్ 3 మూడింటిలోనూ ఉంది. 1500డి, డి5600లలో లేదు, వాటిని లెన్స్‌తో సహా సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాల్సిందే. లక్షల ఖర్చుకి సిద్ధపడేముందు ఈ అరగంట పని చేసి తీరాలి.

తప్పు ఒక పద్ధతి లేకుండా ఉంటే విషయం వేరు. డీఎస్ఎల్ఆర్ ఫుల్‌ఫ్రేమ్‌లో (పెద్ద సెన్సర్ బాడీల్లో) ఫోకస్ పాయింట్లన్నీ మధ్యలో గుంపుగా ఉంటాయి. డి750లో 51 ఉన్నా, 6డి మార్క్ 2లో 45 ఉన్నా ఫ్రేమ్ అంచుల దాకా రావు. అందుకే మధ్య పాయింట్‌తో కన్ను మీద లాక్ చేసి, కెమెరా తిప్పి ఫ్రేమ్ కడతాం. 85 ఎమ్.ఎమ్, ఎఫ్ 1.8, రెండు మీటర్ల దూరం అనుకోండి. పదునుగా ఉండే మందం సుమారు 6 సెంటీమీటర్లు, అంటే కంటికి ముందు 3, వెనక 3. కెమెరాని 8 డిగ్రీలు తిప్పితేనే ఫోకస్ తలం దాదాపు 2 సెంటీమీటర్లు జరిగిపోతుంది. మిగిలింది ఒక్క సెంటీమీటర్. ఈలోగా జీలకర్ర-బెల్లం పెట్టడానికి పెళ్ళికూతురు కాస్త ముందుకి వంగితే అదీ అయిపోయింది. ఇలాంటి ఫొటోలు మీ కుప్పలో నిండుగా ఉంటే బాడీ మార్చడానికి అది నిఖార్సయిన కారణం. కెనాన్ ఆర్6 మార్క్ 2, నికాన్ జెడ్6 3, సోనీ ఏ7 4 తరం బాడీలు ఫ్రేమ్‌లో దాదాపు ఎక్కడున్నా కంటిని పట్టుకుని వెంబడిస్తాయి. అడ్డుతెర దించే క్షణంలో అది ఇచ్చే ధీమా వేరు. అలాగని హోమం పొగలో, ముఖానికి అడ్డంగా పూలజడలు, బాసికాలు వచ్చినప్పుడు అదీ తడబడుతుంది. ఒక బటన్‌కి సింగిల్ పాయింట్ పెట్టుకుని ఉండాలి.

గ్రెయిన్ విషయంలో ఆశ తగ్గించుకోండి

2014లో వచ్చిన డి750కీ ఇప్పటి 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్‌కీ ఐఎస్ఓ 6400 దగ్గర తేడా చాలా స్వల్పం. పక్కపక్కన పెట్టి వెతికితే తప్ప కనిపించదు. 5డి మార్క్ 3, 6డి మార్క్ 2 వాడేవారికి మాత్రం ఒక లాభం ఉంది. అది హై ఐఎస్ఓలో కాదు, తక్కువ ఐఎస్ఓలో నీడల్ని ఎడిటింగ్‌లో పైకి లేపేటప్పుడు. తెల్ల పంచెలో వివరం పోకుండా ఎక్స్‌పోజ్ చేసి నల్ల సూటులో వివరం బయటికి తీయబోతే 5డి మార్క్ 3లో గీతల నాయిస్ బయటపడుతుంది. కొత్త సెన్సర్లలో ఆ బాధ లేదు.

2023 ఏప్రిల్ నుంచి లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిస్ ఉంది. పాత బాడీ రా ఫైళ్ళ (సెన్సర్ నుంచి నేరుగా వచ్చినవాటి) మీదా పనిచేస్తుంది, జేపెగ్ తీసేవారికి ఆ లాభం అంతగా దక్కదు. ఫైల్ ఒక్కంటికి పట్టే సమయం గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడుతుంది కాబట్టి, కొందరికి కెమెరా కంటే గ్రాఫిక్స్ కార్డు మంచి అప్‌గ్రేడ్.

1500డి, డి5600 వాళ్ళకి ఈ లెక్క ఇంకా స్పష్టం. ఫుల్‌ఫ్రేమ్ బాడీకి వెళ్తే వచ్చే లాభం 1.2 నుంచి 1.4 స్టాప్ (ఒక స్టాప్ అంటే రెట్టింపు వెలుగు). కిట్ లెన్స్ 50 ఎమ్.ఎమ్ దగ్గర ఎఫ్ 5.6. దాని బదులు 50 ఎమ్.ఎమ్ ఎఫ్ 1.8 పెడితే వచ్చే లాభం మూడు స్టాపులకి పైనే. ఐఎస్ఓ 6400 పెట్టాల్సిన చోట 640-800తో సరిపోతుంది. ఆ లెన్స్ ధర బాడీ ఖరీదులో చిన్న భాగమే అవుతుంది. కిట్ లెన్స్ తప్ప వేరేది లేనివారు బాడీ గురించి ఆలోచించడమే తొందరపాటు. కెనాన్ 1500డి, 200డి 2లతో ఇంకో చిక్కు: హాట్ షూలో (పైన ఫ్లాష్ ఎక్కించే చోట) మధ్య పిన్ లేదు. ఆ ఒక్క పిన్ మీదే నడిచే చవక మాన్యువల్ ఫ్లాష్‌లు వీటి మీద వెలగవు. కెనాన్‌కి ప్రత్యేకంగా చేసిన టీటీఎల్ ఫ్లాష్ (వెలుగుని కెమెరాయే కొలిచి సర్దేది) తీసుకోవాలి.

మెగాపిక్సెల్స్ గురించి రెండు ముక్కలు. 12×36 ఆల్బమ్ షీట్‌లో ఒక పేజీ 12×18 అంగుళాలు. 300 డీపీఐకి 3600×5400, అంటే 19.4 మెగాపిక్సెల్. మీ 20 లేదా 24 చాలు. ఒకే ఫొటో షీట్ మొత్తం పరిస్తే 24 మెగాపిక్సెల్‌కి అంగుళానికి 167 పిక్సెళ్ళు, 33 మెగాపిక్సెల్‌కి 195. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌లో ఈ తేడా ఎవరి కంటికీ తగలదు. ఇంతకు మించి దీని గురించి ఆలోచించక్కర్లేదు.

ఎల్ఈడీ లైట్లు

ఫంక్షన్ హాళ్ళలో ఎల్ఈడీలు వచ్చాక పెరిగిన సమస్య ఇది. మన కరెంటు 50 హెర్ట్జ్, అందువల్ల నాసిరకం డ్రైవర్ ఉన్న ఎల్ఈడీ సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. 1/50, 1/100 దగ్గర తేడా తెలియదు. 1/500 పెట్టగానే వరసగా తీసిన షాట్లలో ఒకటి వెలుగు, ఒకటి చీకటి, ఒకదాంట్లో సగం పసుపు. దీన్ని కనిపెట్టి లైటు శిఖరంలో ఉన్నప్పుడే షట్టర్ పడేలా చేసేదే యాంటీ-ఫ్లికర్. 6డి మార్క్ 2లో ఉంది, డి750లో, 5డి మార్క్ 3లో లేదు. ఆన్ చేశారో లేదో ముందు మెనూ చూసుకోండి. ఉన్నా వాడనివారు బోలెడు మంది.

మిర్రర్‌లెస్‌కి వెళ్ళేవారు పడే గొయ్యి కూడా ఇక్కడే ఉంది. మంగళసూత్రం కట్టేటప్పుడు చప్పుడు లేకుండా తీద్దామని సైలెంట్ మోడ్ పెడతారు. అది ఎలక్ట్రానిక్ షట్టర్. మామూలు సెన్సర్ పై నుంచి కిందకి వరస వరసగా చదువుతుంది, ఆ లోపు లైటు కొన్నిసార్లు ఆరి వెలుగుతుంది, ఫొటో అంతా అడ్డచారలు. చాలా బాడీల్లో ఆ మోడ్‌లో ఫ్లాష్ కూడా పేలదు. చాలా వేగంగా చదివే స్టాక్డ్ సెన్సర్లలో చారలు తగ్గుతాయి గానీ వాటి ధర మరో మెట్టు. కాబట్టి పెళ్ళికి మెకానికల్ షట్టరే వాడాలి. వెనక ఎల్ఈడీ వాల్ ఉన్న స్టేజీల కోసం షట్టర్ స్పీడ్‌ని దశాంశాల దాకా సర్దుకునే హై ఫ్రీక్వెన్సీ యాంటీ-ఫ్లికర్ ఆర్6 మార్క్ 2లో ఉంది. రిసెప్షన్లు ఎక్కువ తీసేవారికి అది పనికొచ్చే సదుపాయం.

బాడీ తప్ప దిక్కులేని కారణాలు

కార్డు స్లాట్ ఒక్కటే ఉండడం మొదటిది. 6డి మార్క్ 2లో ఒక్కటే. డబ్బు తీసుకుని పెళ్ళి తీసేవారికి అది ఎప్పటికైనా ప్రమాదమే, ముహూర్తం రెండోసారి పెట్టించలేం. ఈ కారణంతో మారేవారు కెనాన్ ఆర్8 కొంటే ప్రయోజనం శూన్యం. దాంట్లోనూ ఒక్కటే స్లాట్, సెన్సర్ స్టెబిలైజేషన్ లేదు, బ్యాటరీ చిన్నది. కంపెనీ లెక్క ప్రకారం 6డి మార్క్ 2 వ్యూఫైండర్‌తో ఒక చార్జికి 1200 షాట్లిస్తే, ఆర్8 ఇచ్చేది 220. నిజ జీవితంలో రెండూ అంతకంటే ఎక్కువే ఇస్తాయి గానీ నిష్పత్తి అదే.

రెండోది వీడియో. డి750, 6డి మార్క్ 2, 5డి మార్క్ 3 మూడూ వీడియోలో ఫుల్ హెచ్‌డీ దగ్గరే ఆగిపోతాయి. పార్టీ 4కె అడుగుతుంటే ఇంకో దారి లేదు. మూడోది షట్టర్ వయసు. ఈ తరగతి డీఎస్ఎల్ఆర్‌లలో డి750, 5డి మార్క్ 3లకి కంపెనీ చెప్పే పరిమితి 1,50,000 షాట్లు. అది గ్యారంటీ కాదు, అంతకు ముందే పోయినవీ, రెట్టింపు నడిచినవీ ఉన్నాయి. పోతే షట్టర్ యూనిట్ మార్పించవచ్చు. ఆ కొటేషన్ తీసుకుని కొత్త బాడీ ధర పక్కన పెట్టుకోండి.

నాలుగోది అందరూ మాట్లాడరు: బేరం. "మిర్రర్‌లెస్సేనా అన్నా?" అని అడిగే పార్టీలు పెరిగాయి. ఆ ఒక్క ప్రశ్నతో ఆర్డర్లు చేజారుతున్నాయంటే ఫొటోల నాణ్యతతో సంబంధం లేకపోయినా అది వ్యాపార కారణమే, లెక్కలో రాసుకోండి.

ఫొటోలు పొగమంచు పట్టినట్టు, కాంట్రాస్ట్ లేకుండా వస్తున్నాయంటే బాడీని అనుమానించేముందు లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూడండి. విశాఖ, కాకినాడ తేమలో అలమరాలో పెట్టేసిన లెన్సుకి ఫంగస్ పట్టడం మామూలే. సాలెగూడు పోగుల్లా కనిపిస్తుంది. దానికి క్లీనింగూ, 40-50 శాతం తేమలో ఉంచే డ్రై క్యాబినెట్టూ కావాలి.

పాత లెన్సులు కొత్త బాడీ మీద

కెనాన్ డీఎస్ఎల్ఆర్‌ల ఈఎఫ్ లెన్సులు ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్ మీద ఆటోఫోకస్‌తో సహా హాయిగా పనిచేస్తాయి. చిన్న సెన్సర్ కెమెరాలకి చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సు పెడితే మాత్రం ఫ్రేమ్ కట్ అవుతుంది, ఆర్6 మార్క్ 2లో 24 మెగాపిక్సెల్ కాస్తా 9 అవుతుంది. నికాన్‌లో జాగ్రత్త ఎక్కువ కావాలి. పాత లెన్సుల్ని జెడ్ బాడీకి కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటార్ లేదు. డి750 బాడీలో ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ నడిచిన 50 ఎమ్.ఎమ్ 1.8డి, 80-200 ఎఫ్ 2.8డి లాంటి లెన్సులు జెడ్ బాడీ మీద చేత్తో తిప్పాల్సిందే. లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉంటే ఫర్వాలేదు, ఉత్త ఏఎఫ్ అని ఉంటే ఆ లెన్స్ మార్చే ఖర్చు కూడా కలపండి.

ఇద్దరు తీసే స్టూడియోలో ఒక బాడీ మాత్రమే మారిస్తే, మొదట్లో కొత్త మౌంట్ లెన్సులు కొనకండి. అడాప్టర్ కొని పాత లెన్సులే వాడండి. కెనాన్ మిర్రర్‌లెస్‌కి చేసిన ఆర్ఎఫ్ లెన్స్ పాత 6డి మీద ఎక్కదు, పెళ్ళి మధ్యలో ఒక బాడీ మొరాయిస్తే రెండో దానికి లెన్స్ ఉండదు. రెండు బాడీల్లోనూ ఆటో వైట్ బ్యాలెన్స్ బదులు ఒకే కెల్విన్ అంకె (లైటు రంగుని చెప్పేది) పెడితే రంగులు కలిపే పని సగం తగ్గుతుంది. కెనాన్ నుంచి సోనీకి దూకేవారు ఫ్లాష్ ట్రిగర్ (దూరంగా ఉన్న ఫ్లాష్‌ని పేల్చేది) కూడా కొత్తది కొనాలని మర్చిపోతారు.

మొత్తం ఖర్చు రాయండి

బాడీ, అడాప్టర్, రెండు అదనపు బ్యాటరీలు, వేగమైన కార్డులు, ట్రిగర్, అవసరమైతే లెన్స్. జెడ్6 3లో ఒక స్లాట్ సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్ బి కాబట్టి కార్డూ రీడరూ రెండూ కొనాలి. ఆర్6 మార్క్ 2లో మీ పాత ఎల్‌పీ-ఈ6ఎన్ బ్యాటరీలు పడతాయి, కాకపోతే బర్స్ట్ (వరస షాట్ల) వేగం తగ్గుతుంది. ఆర్8లో అసలు పట్టవు. కంప్యూటర్‌లో లైట్‌రూమ్ 6 లాంటి పాత వెర్షన్ ఉంటే కెనాన్ కొత్త బాడీల సీఆర్3 రా ఫైళ్ళు తెరుచుకోవు. అడోబ్ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు గానీ పెళ్ళికి నాలుగు వేల ఫైళ్ళు మార్చడం ఓపిక పని. ఇందులోంచి పాత బాడీకి వచ్చే ధర తీసేయండి.

తేడా 1,50,000 వచ్చిందనుకుందాం. ఏడాదికి 25 ఈవెంట్లు, మూడేళ్ళు వాడతారు. 75 ఈవెంట్లకి ఒక్కోదానికి 2,000 రూపాయలు. ఆ 2,000తో ప్రతి ఈవెంట్‌కీ లైట్ పట్టుకునే కుర్రాడిని పెట్టుకుంటే ఫొటోలు ఎక్కువ బాగుపడతాయా, బాడీ వల్లా? గ్రెయిన్, రంగు కుప్పలు పెద్దవైతే కుర్రాడే. ఫోకస్ కుప్ప పెద్దదైతే బాడీ. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు కెమెరా మీద కట్టే 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, ఆడిటర్‌ని అడిగి బిల్లు మీ సంస్థ పేరు మీదే రాయించుకోండి.

బిల్లు లేని గ్రే మార్కెట్ బాడీకీ ఇండియా వారంటీ బాడీకీ ధరలో తేడా ఆశ పెడుతుంది. దానికి ఇక్కడ ఉచిత రిపేరు దొరక్కపోవచ్చని లెక్కేసుకునే కొనాలి. బంధువులు విదేశం నుంచి తెచ్చే వాటికీ అంతే. జపాన్ దేశీయ మార్కెట్ సోనీ బాడీలు చాలావాటిలో మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మార్చడానికి వీలుండదు.

సెకండ్ హ్యాండ్ అయితే: నికాన్ షట్టర్ కౌంట్ ఫొటో ఫైల్‌లోనే ఉంటుంది, ఎగ్జిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో కనిపిస్తుంది. కెనాన్‌లో ఎక్కువ మోడళ్ళు అలా రాయవు, కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి చూసే సాఫ్ట్‌వేర్ కావాలి. మిర్రర్‌లెస్‌లో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఎంత తీసినా మెకానికల్ లెక్కలోకి రాకపోవచ్చు, వీడియోకి తోమేసిన బాడీ కూడా తక్కువ కౌంట్ చూపిస్తుంది. క్యాప్ పెట్టి 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో మెరిసే చుక్కలు, ఎఫ్ 16లో ఆకాశం తీసి మచ్చలు, అత్యధిక షట్టర్ స్పీడ్‌లో ఒక పక్క చీకటి పట్టీ, రెండు స్లాట్లూ, హాట్ షూ మీద ఫ్లాష్, బిల్లు మీద సీరియల్ నంబర్ చూడందే డబ్బు ఇవ్వకండి.

అద్దెకి తెచ్చి, మీ లెన్సుతో

హైదరాబాద్, విజయవాడల్లో కెమెరాలు అద్దెకిచ్చేవారు బాగానే ఉన్నారు. అనుకున్న బాడీని అడాప్టర్‌తో సహా ఒక ఈవెంట్‌కి తెండి, పాత బాడీ మెడలోనే ఉంచుకోండి. కీలక ఘట్టాలు పాతదాంతోనే, మిగతావి కొత్తదాంతో. తర్వాత మళ్ళీ అదే కుప్పల లెక్క వేయండి. ఫోకస్ తప్పినవి సగానికి తగ్గకపోతే ఆ బాడీ మీ జబ్బుకి మందు కాదు.

కొనడం ఖాయమైతే ఆషాఢంలోనో మూఢంలోనో కొనండి, ముహూర్తాల మధ్యలో వద్దు. బటన్లు చేతికి అలవాటవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలోనే రెండు కార్డులూ నిండేదాకా తీసి రెండిట్లోనూ ఫైళ్ళు పడ్డాయో లేదో చూడండి. కొన్ని బాడీలు పెట్టెలోంచి తీసేసరికి ఒక కార్డు నిండాక రెండోదానికి వెళ్ళేలా ఉంటాయి, బ్యాకప్‌గా రెండిట్లో రాసేలా మెనూలో మీరే మార్చాలి. పాత బాడీని తొలి సీజన్ అయ్యేదాకా అమ్మకండి, నెలకోసారైనా బ్యాటరీ వేసి నాలుగు షాట్లు కొట్టి పెట్టండి.